పాస్టర్లకు వార్త రాయడం నేర్పబోయి

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా తాడేపల్లిగూడెంలో ఎదురైనవాళ్ళంతా చార్మినార్ చూశావా, హైటెక్ సిటీ చూశావా అని అడుగుతున్నారు. రెండూ చూడలేదు. నేను చూసినవి ఇవి: అమీర్‌పేట, పంజాగుట్ట, బల్కంపేటలో ఒక సందు, సనత్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డు. ఐదు రోజులూ ఈ నాలుగు చోట్లే తిరిగాను. అందులో సగం సమయం రోడ్డు దాటడానికే పోయింది.

వెళ్ళిన పని చెప్పాలి. మా వారపత్రికలో పేజీలు పెట్టేది నేను, వార్తలు దిద్దేది నేను, కంప్యూటరు మొరాయిస్తే విప్పేదీ నేనే. చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. మా ఊరి నుంచి వెళ్ళి పంజాగుట్టలో ఒక సెమినరీ, అంటే పాస్టర్లను తయారుచేసే బైబిలు బడి, నడుపుతున్న జోసఫ్ అయ్యగారు మా ఎడిటరుకు పాత స్నేహితుడు. తమ విద్యార్థులకు వార్త రాయడం, నాలుగు పేజీల పత్రిక వేయడం నేర్పే మనిషి కావాలని ఆయన అడిగారు. ఎడిటరు నన్ను పంపారు. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కానని ఫోనులో ముందే చెప్పాను. అయ్యగారు నవ్వి, "మాకు కావలసింది నీ అక్షరాలు బాబూ. ఆత్మల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు.

అమీర్‌పేట చౌరస్తా

సోమవారం తెల్లవారాక బస్సు దిగాను. సంచి భుజాన వేసుకుని చౌరస్తా దాటేలోపు నా చేతిలో ఏడు కరపత్రాలు పడ్డాయి. జావా మూడు, టెస్టింగ్ రెండు, స్పోకెన్ ఇంగ్లిష్ ఒకటి, పురుషుల హాస్టలు ఒకటి. జావా మూడింటిలో ఒకరు నలభై అయిదు రోజులన్నారు, ఒకరు ముప్పై, మూడోవారు వారాంతాల్లోనే అయిపోతుందన్నారు. ట్రాన్సిస్టరు ఎలా పనిచేస్తుందో నా బుర్రకు ఎక్కించడానికి మా పాలిటెక్నిక్ మాస్టర్లకు మూడేళ్ళు పట్టింది. పాపం, వాళ్ళకు అమీర్‌పేట సంగతి తెలియదు.

కంప్యూటరు కోర్సుల బడులన్నీ ఉండే మైత్రీవనం భవనం మెట్ల దగ్గర పొద్దున ఎనిమిదింటికే జాతర. మనుషులంతా ఒకే వయసు, భుజాన ఒకేరకం సంచీ, చేతిలో జిరాక్సు తీసిన అవే నోట్సు. గోడ ఎక్కడుందో కనబడదు, అంతా బోర్డులే. ఒక బోర్డు మీద పాఠం చెప్పే సారు ఫోటో సినిమా హీరో కటౌటంత ఉంది. కింద ఆయన ఇంటిపేరు లేదు, చదువు లేదు, "రియల్ టైమ్ ఫ్యాకల్టీ" అని మాత్రం ఉంది. మిగతావాళ్ళు ఏ కాలంలో చెబుతారో అడగాలనిపించింది.

నాకిచ్చిన మంచం అక్కడే వెనక సందులోని హాస్టలులో. గదికి ఆరు మంచాలు, ఒక ఫ్యాను, ఒక కిటికీ. ఆ కిటికీ పక్క హాస్టలు కిటికీలోకి తెరుచుకుంటుంది. నా పక్క మంచం నరసరావుపేట కుర్రాడిది. నువ్వేం చేస్తావని అడిగాడు. వార్తలు దిద్దుతానని చెప్పాను. కాసేపు జాలిగా చూసి, టెస్టింగ్ నేర్చుకుంటే ఇప్పటికైనా మించిపోయింది లేదన్నాడు. వాడు ఏడాదిన్నరగా నేర్చుకుంటూనే ఉన్నాడని తర్వాత తెలిసింది.

కింద "ఆంధ్రా మెస్" ఉంది. మా వైపు ఏ హోటలువాడూ ఆంధ్రా అని పేరు పెట్టుకోడు, ఆ అవసరం రాదు. ఇక్కడ పెట్టుకుంటారు, ఎందుకంటే తిని కనిపెట్టడం కష్టం. ప్లేటు ఇడ్లీ పన్నెండు రూపాయలు, మూడు ఇడ్లీలు, చట్నీలో పల్లీ కంటే పుట్నాలు ఎక్కువ. భోజనం పాతిక. పప్పులో పప్పు ఎక్కడుందో వెతకాలి. గోంగూర మాత్రం నిజమైనదే. వడ్డించేది పాలకొల్లు మనిషి. నా మాట వినగానే ఇంకో గరిటె వేశాడు.

పంజాగుట్ట, మూడో అంతస్తు

సెమినరీ అంటే తోట, గంట, పొడుగు వరండా ఉంటాయని ఊహించుకున్నాను. ఇది ఫ్లైఓవరు పని దుమ్ములో మునిగిన ఒక వాణిజ్య భవనం మూడో అంతస్తు. కింద టైర్ల దుకాణం, ఒకటో అంతస్తులో పళ్ళ డాక్టరు, రెండో దాంట్లో స్పోకెన్ ఇంగ్లిష్. వీళ్ళు పైన కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే కింది నుంచి నలభై గొంతులు ఒకేసారి "హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్" అంటాయి. ఎవరూ కళ్ళు తెరవరు. అలవాటయిపోయింది.

విద్యార్థులు పద్నాలుగు మంది. నేను లోపలికి వెళ్ళగానే లేచి "వందనాలు సార్" అన్నారు. తరగతి ముందు ప్రార్థన, టీ ముందు ప్రార్థన, టీ తర్వాత కీర్తన, చివర్లో ప్రార్థన. మూడు గంటల తరగతిలో నా వాటా రెండుంబావు. గడియారం చూసి చెబుతున్నాను.

మొదటి పరీక్ష సులభంగా పెట్టాను. ఆ పొద్దునే భవనం ముందు నీళ్ళ ట్యాంకరు ఒకటి జామపళ్ళ బండిని గుద్దింది. పద్నాలుగు మందీ కిటికీలోంచి చూశారు. అయిదు వాక్యాల్లో రాయమన్నాను. పద్నాలుగు కాగితాల్లో పదకొండు "ప్రభువు నామమునకు స్తోత్రము" అని మొదలయ్యాయి. బండివాడి పేరు ఒక్కరూ రాయలేదు, కిందికి దిగి అడగాలని ఒక్కరికీ తోచలేదు. జామపళ్ళు "అనేకములు". గాయపడినది "ఒక సహోదరుడు". బోర్డు మీద ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని రాసి, ఈ సంఘటనలో "ఎవరు?" అని అడిగాను. ముందు వరస అంతా ఒకే గొంతుతో "దేవుడు" అంది. ఆయన ట్యాంకరు నడిపారా అని అడిగాను. నవ్వుతారనుకున్నాను. రాసుకున్నారు.

మధ్యాహ్నం వాళ్ళ పాత వార్తాపత్రాలు తిరగేస్తే జబ్బు మూలం దొరికింది. వీళ్ళకు తెలిసిన కథనం ఒకటే, సాక్ష్యం. ఆరాధనలో ఒకరు లేచి తమ కష్టం చెప్పుకుంటారు, దేవుడు ఎలా ఆదుకున్నాడో చెబుతారు. అది కాగితం మీదకు వచ్చేసరికి "ఒక గ్రామంలో ఒక సహోదరి ఒక వ్యాధితో బాధపడుచుండగా" అవుతుంది. ఏ గ్రామం, ఏ సహోదరి, ఏ వ్యాధి? మూడేళ్ళ పత్రాల్లో ఒక్క పేరూ లేదు. ఆ "ఒక సహోదరి" ఒక్కతే అన్ని జిల్లాల్లోనూ అన్ని జబ్బులూ పడి లేచినట్టుంది.

నేను చట్టం చేశాను. నా తరగతిలో ఇకమీదట ఒక సహోదరి ఉండదు. ప్రతి మనిషికీ పేరు, వయసు, వీధి, చేసే పని ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా కాగితం వెనక్కి వస్తుంది.

టీ మాత్రం బాగుంది. ఎదురుగా ఇరానీ హోటలు, కప్పు ఐదు రూపాయలు. మా ఊళ్ళో టీ పల్చగా ఉండి తొందరగా అయిపోతుంది. ఇక్కడిది చిక్కగా ఉండి, తాగాక కాసేపు కూర్చోమంటుంది.

బల్కంపేట సందు

మంగళవారం అందర్నీ బల్కంపేట తోలుకెళ్ళాను. ఎల్లమ్మ గుడి దారిలో చిన్న చిన్న దుకాణాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కరు ఒక్కో దుకాణదారుతో మాట్లాడి, బేరం ఎలా ఉందో, ఎప్పట్నుంచి ఉన్నారో తెలుసుకుని రావాలి. గంట సమయం ఇచ్చాను. నేను ఒక బండి దగ్గర మొక్కజొన్న పొత్తు కొనుక్కున్నాను. బొగ్గుల మీద కాల్చి ఉప్పూ కారం నిమ్మకాయతో రుద్దిన ఆ పొత్తు ఆ వారం నేను తిన్న అన్నిటికంటే రుచిగా ఉంది. ఆ బండివాడి పేరు నేనూ అడగలేదు. ఇది ఇప్పుడు తోచిన సంగతి.

గంట తర్వాత లెక్క చూస్తే ఎనిమిది మంది పేర్లు మరిచిపోయారు. నలుగురు దుకాణదారుల కష్టాలు విని అక్కడే ప్రార్థన చేసి వచ్చారు. ఒకడు గాజులమ్మకు దుకాణం సర్దిపెట్టి, సమయం అయిపోయిందని ఖాళీ పుస్తకంతో వచ్చాడు. పనికొచ్చే కాగితం ఒక్కటే, ప్రభుదాస్‌ది.

ప్రభుదాస్‌ది మెదక్ వైపు. సెమినరీలో చేరకముందు సనత్‌నగర్‌లో లేతు మిషను దగ్గర సహాయకుడు. ఇరవై నాలుగేళ్ళు, నా కంటే రెండేళ్ళు చిన్న. కొబ్బరికాయలమ్మే ముసలామె గురించి రాశాడు: పేరు, వయసు, ఏ ఊరి నుంచి వచ్చింది, రోజుకు ఎన్ని కాయలు కొడుతుంది, కత్తి ఏ చేత్తో పడుతుంది. నాకు ముచ్చటేసింది. నీ దగ్గర ఇంకా ఇలాంటి కథలున్నాయా అని అడిగాను. ఉన్నదన్నాడు. తాను బుధవారం ప్రార్థనకు వెళ్ళే సనత్‌నగర్ ఇంటికి వచ్చే ఒకామె అక్కడే ఒక షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్స్ చుడుతుందట. ఒక కన్ను పూర్తిగా కనబడదట. వెంట్రుక మందం రాగి తీగ, ఒక్కో కాయిల్‌కు రెండు వేల చుట్లు, ఒక్క చుట్టు తేడా రానివ్వదట. కన్ను సంగతి షెడ్డులో ఎవరికీ తెలియదట.

కాయిల్ చుట్టడం అంటే ఏమిటో నాకు తెలుసు. డిప్లొమాలో మూడు వందల చుట్ల దగ్గరే లెక్క తప్పి మొత్తం విప్పినవాణ్ణి. మొదటి పేజీ కథ ఇదేనని అక్కడే తేల్చేశాను.

రెండోసారి చెప్పిన మాట

బుధవారం పొద్దున ప్రభుదాస్ కాగితం తెచ్చిచ్చాడు. మొదటి మాట "ఒక సహోదరి". ఎర్ర గీత కొట్టి వెనక్కిచ్చాను.

అతను నిలబడే ఉన్నాడు. "సార్, గామె ప్రార్థన కోసం చెప్పింది సార్. పేపర్ల రాయనీకి గాదు."

పేరు లేని మనిషి ప్రార్థనలో ఉంటుందేమో నాకు తెలియదు, వార్తలో ఉండదు అన్నాను. పేరు, వయసు, షెడ్డు ఏ వీధిలో ఉంది, పోయిన కన్ను ఏది, సాయంత్రంలోపు తెమ్మన్నాను.

ఆ సెమినరీలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు మొదటిసారి చెప్పినప్పుడు సందేహం అడగవచ్చు. రెండోసారి చెబితే ఇక ఎదురు చెప్పరు, చేస్తారు. ఆ సంగతి నాకు సోమవారమే తెలిసింది, తెలిసి వాడుకుంటున్నాను కూడా. ప్రభుదాస్ "సరే సార్" అని వెళ్ళాడు. ప్రార్థన ఇంట్లో ఆమెకు ఎదురుగా కూర్చుని అన్నీ అడిగి రాసుకొచ్చాడు. ఆమె పేరు బాలమణి, వయసు నలభై ఒకటి. ఎందుకడుగుతున్నాడో ఆమె అడగలేదు. ప్రార్థనలో చదివే చీటీ కోసమని అనుకుంది. అతను కూడా అది కాదని చెప్పలేకపోయాడు.

శీర్షిక నేను పెట్టాను: "ఒంటి కన్నుతో రెండు వేల చుట్లు". కింద ఆమె పేరు, వయసు, షెడ్డు ఉన్న వీధి, ఎడమ కన్ను ఎనిమిదేళ్ళ కింద జ్వరంలో పోయిన వైనం. జోసఫ్ అయ్యగారు పేజీలు తిరగేసి, బైబిలు వాక్యం ఎక్కడా లేదేమని అడిగి, నాలుగో పేజీ అడుగున ఒకటి పెట్టించారు. మిగతాది, "నువ్వు చూశావు కదా బాబూ, ఇంక నేనేం చూస్తాను" అన్నారు. చూశాను. ఒక్క అక్షరదోషం లేదు.

మూడు వందల కాపీలు వేయించాం. గురువారం పంచాలి. ఈ పద్నాలుగు మందికి అది రోజంతా పట్టే పని అనుకుని, సాయంత్రం దాకా సమయం ఇచ్చాను. మధ్యాహ్నానికే ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. కరపత్రాలు పంచడం వాళ్ళకు చేరిన మొదటి ఏడాదే నేర్పుతారట. బస్సు ఆగిన చోట, టీ కొట్టులో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, ఎదురైన ప్రతి మనిషికీ రెండు చేతులతో ఇచ్చి వందనాలు చెబుతారు. వార్త రాయడం రానివాళ్ళు వార్త చేరవేయడంలో ఇంత గట్టివాళ్ళని తెలిసి ఆశ్చర్యపోయాను, మెచ్చుకున్నాను కూడా.

సనత్‌నగర్ షెడ్డు

శుక్రవారం నేను మెస్‌లో దోసె ముందు కూర్చుని ఉండగా ప్రభుదాస్ వచ్చాడు. తినడం అయ్యేదాకా పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. తర్వాత చెప్పాడు. మన పిల్లలు సనత్‌నగర్ షెడ్లన్నింటి గేట్ల దగ్గరా పంచిండ్రు, బాలమణి షెడ్డు దగ్గర సుత. యజమాని చదివిండు. ఇవాళ ఆమెను మిషను ముట్టొద్దన్నడు. పదకొండింటికి వచ్చి తేలుస్తనన్నడు.

షేరు ఆటోలో వెళ్ళాం. మనిషికి ఆరు రూపాయలు, ముగ్గురు కూర్చునే చోట ఏడుగురం. దారిలో నేను చెప్పాల్సినవి వరసగా పెట్టుకున్నాను. ఒకటి, ఎనిమిదేళ్ళుగా ఆమె పని మీద ఫిర్యాదు లేదు. రెండు, ఈ పనికి చూపు కంటే వేలి స్పర్శ ముఖ్యం. మూడు, వార్త ఆమెను పొగుడుతూ రాసినదే. మూడూ సరైనవే. షెడ్డు బయట స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే మూడూ పక్కన పెట్టేశాను.

నేనెవరో ప్రభుదాస్ చెప్పాడు. క్షమించమన్నాను. ఆమె లోపలికి వినబడకుండా మెల్లగా మాట్లాడింది.

"నేను దేవునికి చెప్పుకున్న సారూ. మీరు సనత్‌నగర్ మొత్తానికి చెప్పిండ్రు."

ఆ కాగితంలో ఏముందో కూడా ఆమెకు పూర్తిగా తెలియదు. అంకెలు తప్ప చదువు రాదు. తోటివాళ్ళు తలా ఒక ముక్క చెప్పారట. ఈ పని పోతే ఇంకో షెడ్డులో దొరకదా అని ప్రభుదాస్ అడిగాడు. అన్ని షెడ్లల్ల మీ కాయితమే ఉన్నది కద బిడ్డా అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

యజమాని వెంకట్రావు గారు స్కూటరు మీద వచ్చారు. గుడివాడ వైపు మనిషి, తెల్ల చొక్కా, జేబులో మడత పెట్టిన మా పత్రిక. నా మాట తీరు వినగానే మీది గూడెమా అన్నారు. అవునన్నాను. అక్కడితో చుట్టరికం అయిపోయింది.

"మన వైపువాళ్ళే ఇలా రాస్తే ఎలాగండీ? నిన్న మా దగ్గర కాయిల్స్ కొనే పార్టీ ఒకాయన ఫోను చేశాడు. ఏంటి వెంకట్రావు గారూ, గుడ్డివాళ్ళ చేత చుట్టిస్తున్నారంట అని."

నేను వరస పెట్టుకున్న మూడూ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఆవిడ పని మంచిదేనని ఒప్పుకున్నారు. కానీ కన్ను లేదని తెలిశాక మిషను ముందు ఎలా కూర్చోబెడతాను, రేపు వేలు నలిగితే ఎవరు చూస్తారు అన్నారు. న్యాయమైన మాటే. నిజమైతే ఇవాళే లెక్క చూసి పంపించేస్తానన్నారు.

లోపల ఎనిమిది మిషన్లు, వార్నిషు వాసన. మిగతా ఆడవాళ్ళు చేతులు ఆపకుండా చెవులు ఇటు పెట్టారు. వెంకట్రావు గారు బాలమణిని తన మిషను ముందు కూర్చోబెట్టి, మా పత్రిక తీసి, వేలు పెట్టి ఆ వాక్యం పైకి చదివారు. "ఎడమ కన్ను పూర్తిగా పోయినది." తర్వాత ఒక అట్టముక్క తీసుకుని ఆమె కుడి కంటికి అడ్డం పెట్టారు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఈ రీలు మీద నంబరెంత?"

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. అట్ట కంటి మీద ఆనగానే ఆమె భుజాలు కిందికి దిగాయి, బిగపట్టిన ఊపిరి వదిలింది.

"ముప్పై ఆరు" అంది.

ఆయన రీలు దూరం జరిపారు. ఇంకోటి తీశారు. నలభై అంది. ఎదుటి గోడ మీద క్యాలెండరు చూపించి ఎర్ర అంకెలు అడిగారు. వరసగా చెప్పింది. తీగ కొన ఇచ్చి సూది బెజ్జమంత కన్నంలోంచి దూర్చమన్నారు. మొదటిసారికే దూర్చింది.

అప్పుడు నాకు అర్థమైంది. ప్రార్థన ఇంట్లో ప్రభుదాస్ ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చెయ్యి పెట్టి చూపించిన కన్ను అతనికి ఎడమ వైపున ఉంది. ఎడమ అని రాసుకున్నాడు. పోయినది కుడి కన్ను. వెంకట్రావు గారు పట్టి పట్టి మూసింది ఆ కన్నునే.

నా స్వభావం నాకు తెలుసు. తప్పు కనబడితే నోరు ఊరుకోదు. హోటలు మెనూలు దిద్దుతాను, బస్సు బోర్డులు దిద్దుతాను. "అంటే అండీ, అది" అని మొదలుపెట్టేశాను కూడా. ప్రభుదాస్ నా మణికట్టు పట్టుకున్నాడు. లేతు మిషను మీద పనిచేసిన చెయ్యి. ఎముక నొప్పెట్టింది. నోరు మూసుకున్నాను.

వెంకట్రావు గారు అట్ట కింద పడేసి నా వైపు తిరిగారు. ఆ తర్వాత నేను పడ్డ చీవాట్లు మొత్తం రాయను. సారాంశం: చదువుకున్నవాళ్ళు, కలం చేతిలో ఉంది కదా అని, ఒక్కసారి వచ్చి చూసుకోకుండా అచ్చేసి పారేస్తారా? సోమవారం నుంచి నేను ఆ పద్నాలుగు మందికీ చెబుతున్న మాటలే అవి, కాస్త గట్టిగా. ఎనిమిది మిషన్లూ వింటుండగా "పొరపాటైంది" అన్నాను. సాయంత్రం షెడ్డు మూసేలోపు తప్పు దిద్దుతూ కాగితం వేసి, పంచిన ప్రతి చోటా పంచాలన్నారు. అంతవరకు ఆమె కూర్చోవచ్చు, కాగితం రాకపోతే రేపు చూస్తానన్నారు.

జిరాక్సు దుకాణం

మైత్రీవనం వెనక జిరాక్సు దుకాణంలో జావా నోట్సు తీయించుకునేవాళ్ళ మధ్య, కౌంటరు మూల మీద నిలబడి సవరణ రాశాను. నాకు రెండు నిమిషాలు పట్టింది. "బాలమణి గారి రెండు కళ్ళూ బాగున్నాయి. మా వార్త అసత్యం." కింద రాసినవారి పేరు ఉండాలి కనుక ప్రభుదాస్‌ను సంతకం పెట్టమన్నాను.

చదివి పక్కన పెట్టాడు. "గిది అబద్ధం సార్."

నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా ఊరూ పేరూ లేని సాక్ష్యాలు అచ్చేస్తున్న బడి, ఇప్పుడు ఒక మనిషి కూడు పోయేవేళ సత్యం గుర్తొచ్చిందా అన్నాను. ఇంకా చాలా అన్నాను. షెడ్డులో నా చెయ్యి ఎందుకు పట్టుకున్నావు, అది మాత్రం అబద్ధం కాదా అన్నాను. దుకాణంలో ఇద్దరు కుర్రాళ్ళు నోట్సు వదిలేసి మమ్మల్ని చూస్తున్నారు.

అతను జవాబు చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. "అడగనిది చెప్పలే సార్. రాస్తె మటుకు అబద్ధం రాయ. రేపు గదే నోటితోని వాక్యం చెప్పాలె నేను."

సంతకం పెట్టమని రెండోసారి చెప్పాను. ఆ సెమినరీలో రెండోసారి చెప్పిన మాటను ఒకరు కాదనడం నేను చూడటం అదే మొదలు. కాదన్నాడు. తల అడ్డంగా ఊపి, నా చేతిలోంచి కలం తీసుకుని, కొత్త కాగితం మీద తనే రాశాడు. ఎక్కడా కొట్టివేత లేకుండా నాలుగు వాక్యాలు:

"పోయిన సంచికలో ఒక సహోదరి ఎడమ కన్ను పోయినదని రాసినాము. అది తప్పు. ఆ సహోదరి ఎడమ కన్ను చక్కగా కనబడుతున్నది. సరిగ్గా చూడక రాసినందుకు ఆమెను, ఆమె పనిచేసే చోటి వారిని క్షమాపణ కోరుతున్నాము."

నేను అలవాటు కొద్దీ ఎర్ర కలం తీశాను. పేరు లేదు, వయసు లేదు, వీధి లేదు. అయినా సనత్‌నగర్‌లో ఎవరికి తెలియాలో వాళ్ళకు తెలుస్తుంది, కొత్తగా ఇంకెవరికీ తెలియదు. ప్రతి వాక్యం నిజం. వెంకట్రావు గారికి కావలసింది ఉంది, దేవుడికి అభ్యంతరం ఉండదు, బాలమణికి ఇకమీద హాని లేదు. రెండుసార్లు చదివి, ఎర్ర కలం జేబులో పెట్టేసుకున్నాను. ఆ ఐదు రోజుల్లో ఆ తరగతి నుంచి నా చేతికొచ్చిన కాగితాల్లో గీత పెట్టకుండా తిరిగిచ్చింది అదొక్కటే.

పేరు ఎందుకు రాయలేదని జోసఫ్ అయ్యగారు అడుగుతారేమో అన్నాను. మేమెప్పుడూ రాయం కద సార్ అన్నాడు ప్రభుదాస్. మూడేళ్ళ పత్రాలు తిరగేసి నేను నవ్వుకున్న "ఒక సహోదరి" వెనక ఎంతమంది ఏ షెడ్లలో, ఏ ఇళ్ళలో తలదాచుకున్నారో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆ రాతలు చదవడానికి ఇప్పటికీ విసుగే. జామపళ్ళను అనేకములు అనడం ఇప్పటికీ సోమరితనమే. కానీ ఆ ఒక్క అలవాటును జబ్బు అన్నాను చూడండి, ఆ మాట నేను చదివిన చదువుకు తగినది కాదు.

మూడు వందల కాపీలు తీయించాం. పద్నాలుగు మందీ వచ్చి పంచుకుని వెళ్ళారు. ఈసారి ఎవర్నీ మెచ్చుకోలేదు.

షెడ్డుకు ఇవ్వాల్సిన కాపీ నేనూ ప్రభుదాస్ తీసుకెళ్ళాం. ఇంకా వెలుతురు ఉంది. వెంకట్రావు గారు గుమ్మం దగ్గరే చదివారు. ఇంత చిన్న సంగతికి ఇంత గొడవ చేశారన్నారు. కాయిల్స్‌కు చుట్టే పసుపు టేపు ముక్కలు నాలుగు చించి, కాగితాన్ని తలుపుకు అంటించారు. నా బస్సు ఎన్నింటికని అడిగి, గూడెంలో తనకు తెలిసిన బియ్యం మిల్లువాళ్ళను అడిగానని చెప్పమన్నారు.

లోపల బాలమణి తన మిషను ముందు ఉంది. ఎడమ చేతి వేళ్ళ మధ్యనుంచి తీగ జారుతోంది, కుడి చెయ్యి పిడి తిప్పుతోంది. ఆ మిషనుకు లెక్క చూపే మీటరు ఎప్పుడో చెడిపోయిందట, అందరూ నోటితోనే లెక్కపెట్టుకుంటారట. ప్రభుదాస్ వందనాలు చెప్పబోయాడు. నేను ఆపాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది వందల పన్నెండు, పదమూడు, పద్నాలుగు. మధ్యలో పలకరిస్తే మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇద్దరం చెప్పులు చప్పుడు కాకుండా బయటికి వచ్చేశాం.